శానిటైజరు తుడిచిన ముద్ర

మా వైపు సూరత్ వెళ్ళి రావడం వార్త కాదు. కోరుట్ల చుట్టుపక్కల ఏ వాడలో అడిగినా అక్కడ మగ్గం నడిపి వచ్చినవాళ్ళు ఇద్దరైనా దొరుకుతారు. పెళ్ళిళ్ళకు వాళ్ళు తెచ్చే చీరల మెరుపు చూసి, సూరత్ అంటే పైకప్పున్న ఒక పెద్ద చీరల దుకాణమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నేను మాత్రం మగ్గం మీదికి పోలేదు. సూదులు పట్టుకుని పోయాను.

కరోనా రెండో విడత ముదిరిన వేసవి అది. అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. సూరత్‌లోని బమ్రోలిలో మన తెలుగువాళ్ళూ మగ్గాల యజమానులూ కలిసి ఒక పెళ్ళి మండపాన్ని ఆక్సిజన్ పడకల కేంద్రంగా మార్చారు. వచ్చేవాళ్ళలో సగం మంది తెలంగాణ కార్మికులు. గుండెలో నొప్పిగా ఉందో, ఆకలిగా ఉందో హిందీలో చెప్పలేక సతమతమవుతున్నారట. తెలుగు వచ్చిన నర్సులు కావాలని కబురొచ్చింది. మా సీనియర్ రాజేశ్వరి అక్క చెయ్యెత్తింది. పక్కనే ఉన్న నా చెయ్యి కూడా తనే పట్టుకుని ఎత్తింది. నలుగురిలో నోరు విప్పి "నేను రాను" అనడం కంటే సూరత్ పోవడమే తేలికనిపించింది నాకు.

భుసావల్ అరటిపళ్ళు

బోగీలో మాతో పాటు పదిమంది కూడా లేరు. రాజేశ్వరి అక్క ఎక్కగానే సీటు, కిటికీ ఊచలు, నీళ్ళ సీసా మూత, చివరికి నా చెప్పులకు కూడా శానిటైజరు కొట్టింది. నేను తుడిచే పని తీసుకున్నాను. ఆ రోజుల్లో అందరికీ ఉన్న పిచ్చే అది. మాకు రెండు పాళ్ళు ఎక్కువ, అంతే.

భుసావల్‌లో డజను అరటిపళ్ళు ముప్ఫై రూపాయలకు కొన్నాం. మా దగ్గర అరటిపండు తొక్క పలుచన, ఇక్కడ మందం. అక్క వాటికీ శానిటైజరు కొట్టబోతే, అమ్మే ఆమె మరాఠీలో ఏదో అని గట్టిగా నవ్వింది. పండుకు దేవుడిచ్చిన మాస్కు ఉంది కదా అన్నదని పై బెర్తు పెద్దమనిషి చెప్పాడు.

నేను డైరీ రాసుకున్నాను. నాది పాత అలవాటు. మాట్లాడనిదంతా రాస్తాను. టికెట్ నంబరు, బెర్తు నంబరు, పళ్ళ ధర, అమ్మినామె చీర రంగు, అన్నీ. "లెక్కల మాస్టారి కడుపున పుట్టాల్సినదానివి" అని అక్క వెక్కిరిస్తుంది. నా సంచీలో రెండు నవలలు కూడా ఉన్నాయి. అట్టలు తుడిచి తుడిచి వాటి మీది బొమ్మలు వెలిసిపోయాయి.

సూరత్ స్టేషన్లో పెద్ద వరస. పరీక్ష రిపోర్టు చూపించమన్నారు. నేను ఫైలు తెరిచేసరికి కంగారులో కాగితాలన్నీ కింద పడ్డాయి. ముసుగు వేసుకున్న వాలంటీరు ఒకాయన ఏరి చేతికిచ్చాడు. అందులో నా నర్సింగ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. ఎవరెవరి చేతులో తగిలాయని, బయటికి రాగానే దానికి రెండు వైపులా శానిటైజరు కొట్టి శుభ్రంగా తుడిచాను. ప్లాస్టిక్ తొడుగు కదా, తళతళలాడింది. టిష్యూ నీలంగా మారింది. ఫైలు రంగు దిగిందనుకుని చెత్తబుట్టలో వేసేశాను.

నవాగామ్‌లో మూడు ప్రశ్నలు

మాకు బస నవాగామ్‌లో, సత్తెమ్మ గారింట్లో. ముప్ఫై ఏళ్ళ కింద మగడి వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రెండు గదుల ఇల్లు, ముందు గది మాకిచ్చింది. ఆమె భర్త రాజయ్య అదే మండపంలో మగవాళ్ళ వార్డులో ఉన్నాడు.

గుమ్మంలోనే ఆపింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ నన్ను చూసింది.

"ఏ ఊరు బిడ్డా?"

"కోరుట్ల పక్కన."

"కోరుట్ల పక్కన నలభై ఊర్లున్నయి. పేరు లేదా నీ ఊరికి?"

చెప్పాను.

"ఇంటిపేరేంది?"

"ఆడెపు."

"ఎవరి బిడ్డవు?"

"కిరాణం నర్సయ్య బిడ్డను."

ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది. "ఓ! గా ప్లాస్టిక్ నర్సయ్యనా? లగ్గం పత్రికలకు గిట్ల ప్లాస్టిక్ చేయించెటాయన?"

నా చెవులు కాలిపోయాయి. మా నాన్నకు లామినేషన్ అంటే ప్రాణం. రేషన్ కార్డు, నా పదో తరగతి మెమో, కరెంటు బిల్లు, ఇంటికొచ్చిన మొదటి పెళ్ళి పత్రిక, ఏదైనా ఇంట్లోకి వచ్చిన మర్నాటికి ప్లాస్టిక్‌లో ఉండాల్సిందే. ఆయన కీర్తి మహారాష్ట్ర దాటి తపతి ఒడ్డుకు చేరిందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇగ నన్ను చిన్నమ్మా అను. కాళ్ళు గడుక్కొని లోపలికి రా," అంది సత్తెమ్మ చిన్నమ్మ. ఆమె దగ్గర తనిఖీ అయిపోయింది. మూడు ప్రశ్నలు, ఒక చెంబు నీళ్ళు.

అన్నంలో పచ్చిపులుసు, నంజుకోవడానికి ఫర్సాణ్. గుజరాతీ కారప్పూసను పచ్చిపులుసులో ముంచుకు తినడం ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె కనిపెట్టిన వంట. ఇంటికొచ్చాక నేనూ చేశాను. నాన్న రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

తిప్పి చూస్తే ఖాళీ

సోమవారం పొద్దున మండపానికి వెళ్ళాం. ద్వారానికి కాగితం పూల తోరణం ఇంకా వేలాడుతోంది. కింద ఆక్సిజన్ సిలిండర్ల వరస. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గది ఇప్పుడు ఆఫీసు. చుట్టూ బల్బులున్న పెద్ద అద్దం, దాని ముందు పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీ, ఆ కుర్చీలో హంసాబెన్. నర్సుల బాధ్యత ఆమెది. అరవై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. హిందీ నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ ఒక మాట రెండోసారి చెప్పదు.

ముందు రాజేశ్వరి అక్క సర్టిఫికెట్ చూసింది. వెనక్కి తిప్పింది. నర్సుల రిజిస్ట్రేషన్ని అయిదేళ్ళకోసారి కొనసాగించుకోవాలి. ఆ ముద్ర వెనక వైపు కొడతారు. అక్కది కాగితం మీద నల్లగా, స్పష్టంగా ఉంది. "ఠీక్," అని ఆడవాళ్ళ వార్డు రాసిచ్చింది.

తర్వాత నాది. ముందు వైపు చూసింది. నా ఫొటో చూసి నా కళ్ళు చూసింది, కనిపించేవి అవే కదా. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. మళ్ళీ వెనక్కి.

"రెన్యువల్?"

"ఉంది మేడమ్, వెనక..."

లేదు. ప్లాస్టిక్ మీద ఒక మూల దోసగింజంత నీలి మరక, అంతే.

అప్పుడు అర్థమైంది. నాన్న నా సర్టిఫికెట్‌కి వచ్చిన మర్నాడే లామినేషన్ చేయించాడు. అందువల్ల జనవరిలో హైదరాబాద్ కౌన్సిల్ ఆఫీసులో ముద్ర ప్లాస్టిక్ పైనే కొట్టాల్సివచ్చింది. దాన్ని సూరత్ స్టేషన్ బయట నా చేతులతో నేనే తుడిచి, ఆ టిష్యూను చెత్తబుట్టలో వేశాను.

ఇదంతా హిందీలో చెప్పాలి. నాకు తెలుగులో చెప్పడమే కష్టం. రాజేశ్వరి అక్క చెప్పింది. హంసాబెన్ నవ్వలేదు. రెండు వారాల కింద ఇక్కడికి ఒకామె ఎవరిదో సర్టిఫికెట్ జిరాక్స్ మీద తన ఫొటో అంటించుకుని వచ్చిందట. మూడు రోజులు వార్డులో తిరిగింది. ఒక పెద్దాయనకు సెలైన్ సూది ఎక్కించబోయి నాలుగు చోట్ల పొడిస్తే అప్పుడు బయటపడింది.

"ఆ రోజు నుంచి నేను కాగితాన్నే నమ్ముతాను," అంది హంసాబెన్. "మీ కౌన్సిల్ నుంచి బుధవారం సాయంత్రం అయిదింటి లోపల కాగితం రావాలి. రాకపోతే గురువారం రైలుకు టికెట్ తీస్తాను. నీ స్థానంలో ఇంకొకరిని పిలవాలి."

కౌన్సిల్‌కి ఫోన్ చేశాం. ఇరవై సార్లు చేస్తే ఒకసారి ఎత్తారు. సగం మందే పనికి వస్తున్నారట. నా రిజిస్ట్రేషన్ కంప్యూటర్లో కనిపిస్తోంది కానీ, రెన్యువల్ ఇంకా ఎక్కించలేదు. అది చేతిరాత రిజిస్టర్లో ఉంటుంది, అప్లికేషన్ నంబరు చెబితే తప్ప వెతకలేం అన్నారు. ఆ నంబరున్న చీటీని సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. నేను ఆ మాట చెప్పేలోగా ఫోన్ పెట్టేశారు.

గేటు దగ్గర బల్ల

లైసెన్సు తేలేదాకా వార్డులో అడుగు పెట్టొద్దంది కానీ హంసాబెన్ నన్ను ఖాళీగా ఉంచలేదు. గేటు దగ్గర బల్ల వేయించి, వచ్చే తెలుగువాళ్ళ ఫారాలు నింపమంది. పేరు, వయసు, ఎన్నాళ్ళుగా జ్వరం.

నేను ఒక ప్రశ్న అడిగితే వాళ్ళు మూడు అడిగారు. ఏ ఊరు, ఇంటిపేరేంది, ఎవరి బిడ్డవు. ఒకతను తమ్ముణ్ణి ఆటోలో పడుకోబెట్టి వచ్చి మరీ అడిగాడు. నేను చెప్పాక, "మనోళ్ళే!" అని ఆటో వైపు అరిచాడు. ఆ మాటతో లోపలున్న తమ్ముడు లేచి కూర్చున్నాడు.

మధ్యాహ్నం చిన్నమ్మ రాజయ్య కోసం గిన్నెలో జావ తెచ్చింది. జావ తీసుకోవడానికి వచ్చిన అక్క, "రాజయ్య కాక మాస్కు తీసి పారేస్తున్నడు చిన్నమ్మా. ఆక్సిజన్ మాస్కు," అంది. "నేను నా వార్డు వదిలి ఎన్నిసార్లు పోను? అక్కడ ఉన్న పిల్లలు మలయాళీలు. వాళ్ళు బతిమిలాడుతుంటే ఈయన గోడ దిక్కు తిరిగి పండుతున్నడు."

చిన్నమ్మ నా వైపు చూసింది. తర్వాత తిన్నగా ముస్తాబు గదికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

"హంసాబెన్, యే హమారా ఆద్మీ కా ఛోక్రీ హై," అంది, హిందీ, గుజరాతీ, తెలుగు ఒకే వాయిలో వేసి. "నేను పుచ్ లియా. ఊరు దెలుసు, ఇంటిపేరు దెలుసు, బాప్ దెలుసు. పక్కా!"

హంసాబెన్ మొదటిసారి నవ్వింది. "సత్తెమ్మాబెన్, ఇంటిపేరుతో ఇంజెక్షన్ ఇస్తారా?"

చిన్నమ్మకు కోపం వచ్చింది. నాకు రాలేదు. ఆ నాలుగు చోట్ల సూది దిగిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనకూ ఎవరో ఒకరు 'మనవాళ్ళే' అని చెప్పి ఉంటారు. చిన్నమ్మ నేనెవరో తేల్చింది. నాకేం వచ్చో తేల్చాల్సింది హంసాబెన్. ఆమె మాటే న్యాయమని రాసుకున్నాను. రాసి, ఆ వాక్యం కింద ఒక కన్నీటి చుక్క కూడా వేశాను. న్యాయమైనంత మాత్రాన గురువారం రైలు ఆగదు కదా.

సలాబత్‌పురాలో చీర వెనక

బుధవారం పొద్దున చిన్నమ్మ నన్ను ఆటో ఎక్కించింది. "మొఖం ముడుచుకొని ఇంట్ల కూసుంటె ముద్దర వస్తదా? జర చీరలిచ్చొద్దాం పా."

ఆమె ఇంట్లో చీరలకు చెమ్కీలు కుడుతుంది. మూట విప్పితే గదంతా మెరుస్తుంది. వాటిని సలాబత్‌పురాలో ఒక శేఠ్‌కి అప్పగించాలి. దుకాణాలు సగం షట్టర్లు దించుకుని, వంగి దూరే మనుషులతో వ్యాపారం చేస్తున్నాయి. ఖాళీ వీధిలో చేతిబండి మీద చీరల కట్టలు, వాటి మీద ఒక పిల్లి నిద్ర. మామూలు రోజుల్లో ఇక్కడ భుజం దూర్చే చోటు కూడా ఉండదట.

దారిలో చిన్నమ్మ లోచో కొనిపెట్టింది, ప్లేటు ముప్ఫై. ఉడికీ ఉడకని శనగపిండి ముద్దలా ఉంటుంది. దాని మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ, పచ్చడి. ఆవిరి మీద ఉడికించే ఖమణ్ చేయబోయి నీళ్ళెక్కువైతే ఎవరో పారేయకుండా అమ్మేశారని, అదే లోచో అయిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పొరపాటు చేసి కూడా పేరు తెచ్చుకోవచ్చునన్నమాట. ఆ ప్లేటు నన్ను కొంత ఓదార్చింది.

శేఠ్ గల్లాపెట్టె వెనక రెండు మాస్కులు వేసుకుని కూర్చున్నాడు. మూటలో మూడు ఇళ్ళ ఆడవాళ్ళ పని కలిసి ఉంది, చీటీలేమీ లేవు. ఆయన ఒక్కో చీరనూ తీసి, మెరిసే వైపు చూడనే లేదు. తిరగేసి దారం చూశాడు. "ఇది సత్తెమ్మాబెన్ చెయ్యి. ఇది పక్కింటామెది. ఇది కూడా నీదే, కానీ కోపంలో కుట్టావు."

"మా ఆయన దవాఖానల వడ్డ రోజు," అంది చిన్నమ్మ.

నేను ఆశ్చర్యంగా చూస్తుంటే శేఠ్ నాకు చెప్పాడు. "ముందు వైపు అందరిదీ ఒక్కలాగే ఉంటుంది బేటీ. డిజైన్ మాదే కదా. ఎవరు కుట్టారో వెనక తెలుస్తుంది. చెయ్యి పెట్టినవాళ్ళు మరిచిపోరు, చూసినవాళ్ళు మరిచిపోరు."

చేతిలో సగం తిన్న లోచో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా సర్టిఫికెట్ వెనక వైపు చెయ్యి పెట్టిన మనిషి ఒకరున్నారు. ప్లాస్టిక్ మీద ముద్ర కొట్టాల్సి వచ్చినందుకు నన్ను వరస ముందే తిట్టిన గుమాస్తా. ఆ తిట్లు నేను మరిచిపోలేదు. ఎందుకంటే ఆ రాత్రి హాస్టల్లో అంతా రాసుకున్నాను. రాసుకున్నానంటే, నా అలవాటు ప్రకారం, చీటీ మీది నంబరు కూడా రాసుకునే ఉంటాను!

డైరీ సంచీలోనే ఉంది. జనవరి పేజీలు తిరగేశాను. ఉంది. ఏడు అంకెలు, కింద గీత కూడా గీసి.

"చిన్నమ్మా, నంబరు!" అన్నాను.

"గంత మెల్లగ జెప్తవేంది? అరువు," అంది చిన్నమ్మ.

స్పీకరు మీద నా డైరీ

మండపానికి వచ్చేసరికి రెండున్నర. హంసాబెన్ ఎదుటే ఫోన్ చేయాలి, స్పీకరు మీద. అది ఆమె షరతు. ఈసారి పదకొండో ప్రయత్నానికి ఎత్తారు. రెన్యువల్ చూసే ఆయన్ని పిలవమన్నాను. గొంతు వినగానే పోల్చుకున్నాను, ఆయనే. నంబరు చెప్పాను.

పేజీలు తిరిగిన చప్పుడు. "ఆఁ, ఉందమ్మా ఈ నంబరు. కానీ నంబర్ ఎవరైనా చెప్తరు. నువ్వే ఆ మనిషివని నాకెట్ల తెలుస్తది? ఈ నెలలనే ఇద్దరు వేరేవాళ్ళ పేరు మీద కాగితం అడిగిర్రు."

ఇక్కడ హంసాబెన్, అక్కడ ఈయన. ఇద్దరి మధ్య నేను. నా దగ్గర ఉన్నది డైరీ ఒక్కటే. దాన్ని ఇంతవరకు మా అమ్మకు కూడా చూపించలేదు.

"సార్, ఆ రోజు ఏమైందో రాసుకున్నాను. చదవనా?"

"చదువు."

చదివాను. "మూడో నంబరు కిటికీ. గుమాస్తా గారు నా సర్టిఫికెట్ చూసి, ఎవరమ్మా దీనికి ప్లాస్టిక్ కోటు తొడిగింది, ముద్ర నీ నెత్తి మీద కొట్టాలా అన్నారు. వరసలో అందరూ నవ్వారు. నేను నేలలో దూరిపోయేదాన్నే కానీ మొజాయిక్ గచ్చు."

చిన్నమ్మ హంసాబెన్‌కి ఎప్పటికప్పుడు తర్జుమా చేస్తోంది. గచ్చు దగ్గర ఆమె కూడా నవ్వింది.

"తర్వాత?" అంది ఫోన్.

తర్వాతి వాక్యం చదవాలా వద్దా అని ఆగాను. చిన్నమ్మ మోచేత్తో పొడిచింది.

"ముద్ర ప్లాస్టిక్ మీదే కొట్టి, ఆరేదాకా ఊదమన్నారు. నిలవదు, తుడవకు, తడి చెయ్యి తగలనివ్వకు అని రెండుసార్లు చెప్పారు. ఆయన కిటికీ సగం మూసుకుని టిఫిన్ డబ్బా తెరిచారు. మామిడికాయ ఆవకాయ వాసన వరస చివరిదాకా వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఈయన మీద కోపం రావాలి కానీ ఆయన అన్నం మీద ఆశ పుట్టింది."

ఫోన్లో దగ్గులాంటి నవ్వొకటి మొదలై పెద్దదైంది.

"ఆ ప్లాస్టిక్ కోటు పిల్లవా నువ్వు! తుడవకని చెప్పిన్నా లేదా?"

"చెప్పారు సార్."

"మరి ఏం జేసినవ్?"

"శానిటైజర్ పెట్టి తుడిచాను సార్."

మళ్ళీ నవ్వు. వెనక ఇంకెవరికో చెబుతున్నాడు. ఆ ఆఫీసులో ఆ రోజుల్లో నవ్వులు అరుదై ఉంటాయి. నవ్వు ఆగాక గొంతు మారింది. "చూడమ్మా, నువ్వే అని నాకు తెలిసింది. కానీ నవ్వుకు లెటర్ ఇయ్యను. రిజిస్టర్ల ఫొటో చూస్త, నీ సంతకం చూస్త. ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇప్పుడే పంపు. కలిస్తేనే పెద్దసారు దగ్గరికి పోత."

తర్జుమా విన్న హంసాబెన్ తల ఊపింది. "అచ్ఛా ఆద్మీ హై," అంది. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు.

సంతకం పెట్టి, ఫొటో తీసి పంపాం. తర్వాత ముగ్గురం పెళ్ళికూతురి అద్దం ముందు కూర్చుని కంప్యూటర్ని చూశాం. నాలుగైంది. నాలుగున్నరైంది. చిన్నమ్మ అద్దం చుట్టూ బల్బులు లెక్కపెట్టింది, ఇరవై రెండు. ఇంకో పది నిమిషాలకు హంసాబెన్ నాకు టీ పోయించింది. పంపించేసేవాళ్ళకు మర్యాదగా పోసే టీ ఏమోనని భయపడి తాగలేదు. అయిదుకి ఏడు నిమిషాలుందనగా మెయిల్ వచ్చింది. ముద్ర, సంతకం, నా ఫొటో. రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందని రెండు వాక్యాలు.

హంసాబెన్ దాన్ని అచ్చువేసి, అలవాటు ప్రకారం వెనక్కి తిప్పి చూసి, ఫైల్లో పెట్టింది. "రేపు పొద్దున ఏడింటికి. మగవాళ్ళ వార్డు. టీ తాగు, చల్లారిపోతోంది."

బమ్రోలి కాక

గురువారం ఆ రైలు నేను లేకుండానే వెళ్ళిపోయింది. వార్డులో మనుషుల మొహాలు కనిపించవు. అందరివీ ఒకేలాంటి తెల్ల సూట్లు. అందుకని హంసాబెన్ ఒక్కొక్కరి వీపు మీద మార్కరుతో పేరు రాస్తుంది. నా వీపు మీద 'స్రవంతి, తెలుగు' అని గుజరాతీలో రాసింది. ఈసారి వెనక వైపు ముద్ర నాకే పడింది.

రాజయ్య కాక గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాస్కు గడ్డం కింద ఉంది.

"కాకా, మాస్కు పెట్టుకోవాలె."

తెలుగు వినగానే ఇటు తిరిగాడు. "గీ ప్లాస్టిక్ వాసనకు పానం బోతుంది. నువ్వెవరు? ఏ ఊరు బిడ్డా?"

నోటి దాకా వచ్చిన జవాబు ఆపుకున్నాను. నా జీవితంలో నేను ఆడిన మొదటి బేరం అది. "మధ్యాహ్నం దాకా మాస్కు తియ్యకుంటే ఊరు చెప్త."

కాక నన్ను ఎగాదిగా చూశాడు. చూడ్డానికి సూటు తప్ప ఏమీ లేదు. "ఇదెక్కడి లొల్లి," అని గొణిగి మాస్కు పైకి లాక్కున్నాడు. భోజనం వేళకు ఊరు చెప్పాను. ఆ ఊరి జాతరలో తప్పిపోయిన తన పాత చెప్పుల జత గురించి చెప్పబోతే, మాస్కు చూపించాను. ఇంటిపేరు మర్నాటి సాయంత్రానికి వాయిదా వేశాను. "ఆడెపోళ్ళు మీ ఊర్ల తొమ్మిదిండ్లు," అని ఆ రాత్రంతా ఎవరై ఉంటానా అని ఆలోచిస్తూ మాస్కుతోనే నిద్రపోయాడట. మలయాళీ పిల్లలు నన్ను పట్టుకుని ఆ మంత్రమేమిటో నేర్పమన్నారు. ఆ మూడు ప్రశ్నలూ తెలుగులో నేర్పాను. పక్క మంచాల మీద కూడా పనిచేశాయి.

మూడో ప్రశ్నకు జవాబు తొమ్మిది రోజులు దాచాను. ఆక్సిజన్ తీసేసిన రోజు పొద్దున, కాక మంచం మీద కూర్చుని జావ తాగుతుంటే చెప్పాను. "నర్సయ్య బిడ్డను కాకా."

"ఏ నర్సయ్య?" అని ఆగాడు. గిన్నె పక్కన పెట్టాడు. "ప్లాస్టిక్ నర్సయ్యనా? అందుకే! గీ ప్లాస్టిక్ మాస్కు మీ నాయినే పంపిండా ఏంది?"

వార్డంతా నవ్వింది. నవ్వలేనివాళ్ళు చెయ్యెత్తారు.

ఇంటికొచ్చాక

నెలన్నర ఉన్నాను. వచ్చేటప్పుడు హంసాబెన్ కౌన్సిల్ ఉత్తరం అసలు ప్రతిని, తర్వాత పోస్టులో వచ్చినదాన్ని, చేతికిచ్చి, "సంభాల్ కే," అంది, జాగ్రత్తగా దాచుకోమని. చిన్నమ్మ దాని కొలతకు సరిపడా పాత చీర గుడ్డతో సంచీ కుట్టింది. తిరగేసి చూశాను. కోపం లేని కుట్టు.

ఇంటికి రాగానే నాన్నకు ఉత్తరం చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివాడు. పైన సింహాల ముద్ర వేలితో తడిమాడు. జరిగిందంతా చెప్పాను, టిష్యూతో సహా. తల పట్టుకున్నాడు. తప్పంతా తనదేనన్నాడు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి నాన్న లేడు, సైకిల్ లేదు, గుడ్డ సంచీ మంచం మీద ఖాళీగా ఉంది.

వాకిట్లోకి వచ్చి చూశాను. వీధి మలుపులో ఉన్నాడు.

"నాన్నా, ఎక్కడికి?"

కాలు నేలకానించి వెనక్కి చూశాడు. ఉత్తరం చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది. "భయపడకు బిడ్డా. ఈసారి ఒక్క దిక్కే చేయిస్త. ముద్దరకు ఎనక ఇడిచిపెడ్త!"

"వద్దు!" అన్నాను.

ఆ అరుపు వీధి చివర పిండిగిర్నీ దాకా వినిపించిందట. గిర్నీ ఆపి మరీ బయటికి వచ్చి, అరిచిందెవరని అడిగారట. నర్సయ్య బిడ్డ అంటే ఒక్కరూ నమ్మలేదట.